చెప్పులు కుట్టువాని కిటికీ

నేటికంటె రేపు పరులను మిన్నగా ప్రేమింపవలెనని కోరుకొనని క్రైస్తవుడుండడు. ఆ కోరిక ఫలింపకుండుటకు హృదయకాఠిన్యమే కారణమని బోధకులు చెప్పుచుందురు. 1885లో టాల్‌స్టాయి వ్రాసిన ‘ప్రేమ యున్నచోట దేవుడును గలడు’ అను చిన్నకథ మఱియొక కారణమును చూపుచున్నది. అది చూడకపోవుట.

కథావస్తువు టాల్‌స్టాయికి సొంతము గాదు. ఫ్రెంచి బోధకుడు రూబెన్ సాయెన్స్ రచించిన కథ కర్తృనామము లేక రష్యా భాషలోనికి రాగా, దానిని టాల్‌స్టాయి తిరిగి వ్రాసెను. వస్తువు పరునిదైనను, అందలి మనుష్యులకు ప్రాణము పోసినవాడు టాల్‌స్టాయియే.

మార్టిను చెప్పులు కుట్టువాడు. అతని నివాసము నేలమాళిగ. కిటికీలోనుండి దారిన పోవువారి పాదములు మాత్రమే కనబడును. జోళ్లను బట్టి మనుష్యుల నానవాలు పట్టును. భార్య పోయెను, మిగిలిన యొక్క కొడుకును పోయెను. దుఃఖమున దేవుని నిందించి, ఒక యాత్రికుని మాటవలన సువార్తలు చదువ నారంభించెను. ఒకరాత్రి, రేపు వీథివైపు చూచుచుండుము, నేను వచ్చెదనని యొక స్వరము వినబడెను.

మఱునాడు క్రీస్తునకై యెదురుచూచువానికి మంచు త్రోయుచున్న ముసలి సిపాయి స్తెపానిచ్ కనబడెను. మార్టిను తన భ్రమకు తానే నవ్వుకొనెను. పిమ్మట ముసలివాని యలసట చూచి, లోనికి పిలిచి, తేనీరిచ్చెను. చలికి వణకుచున్న బిడ్డతల్లికి వేడి చారును, పాత కోటును, తాకట్టులోని శాలువ విడిపించుకొనుటకు 20 కోపెక్కులును ఇచ్చెను. పిదప ఆపిలుపండు దొంగిలించిన బాలుని జుట్టు పట్టుకొన్న ముసలమ్మను చూచి, కండ్లజోడు జాఱిపడినను నిలువక పరుగెత్తి, వారిరువురకు సంధి చేసెను. బాలుడు ఆమె మూట మోయుచు వెంట నడచెను. ఆమె పండు వెల యడుగుటయే మఱచెను. కథలోని యుత్తమ ఘట్టమిదియే. ఇచ్చుట సులభము, కోపించినవారి నడుమ నిలుచుట కష్టము.

రాత్రి వారందఱు సందర్శనమున కనబడి, వచ్చినది తానేయని ప్రభువు తెలుపును. ఇచ్చట నాకొక శంక. స్తెపానిచ్ క్రీస్తు ధరించిన వేషమే యైనచో, బీదవాడు మన పుణ్యమునకు నిచ్చెన మాత్రమే గదా! టాల్‌స్టాయి యీ యపాయమును కథాక్రమమున దాటెను. తేనీరిచ్చునపుడు మార్టిను స్తెపానిచ్‌నే చూచెను, క్రీస్తును గాదు. మత్తయి సువార్త 25వ యధ్యాయమందలి నీతిమంతులును తాము ప్రభువునకు సేవచేసినట్లు ఎఱుగరు. ఎఱుగకపోవుటయే వారి ప్రేమకు నిదర్శనము. కాని కథను చదివి ముగించిన మనకు రహస్యము తెలిసిపోయినది. ఇకమీద బీదవానియందు బీదవానినే చూచుట మనకు దుష్కరము. ఇది కథ మనపై మోపిన పరీక్ష.

ఇంకొకటి విచారింపుడు. స్తెపానిచ్ ఆ దినమున క్రొత్తగా వచ్చినవాడు గాడు, పొరుగింటివాడే. నిన్నటిదాక మార్టినునకు అతని జోళ్లే కనబడెను, నేడు మనుష్యుడు కనబడెను. మాఱినది వీథి గాదు, చూపు.

శరణాలయములకు చందాలిచ్చి, సంస్కరణసభలలో చప్పట్లు గొట్టు మనలో, తన వీథి నూడ్చువాని పేరెఱిగినవారెందఱు? పరులను మిన్నగా ప్రేమింప గోరువాడు ముందుగా ఆ పేరు నడుగవలెను.