చేర్చుకున్నాక చదివించాలి కదా

నడివయసులో డిగ్రీ చదవాలనుకునేవాళ్లకు మన దగ్గర రెండు దారులున్నాయి. రెగ్యులర్ కాలేజీలో పాఠం చెప్పే మనిషి ఉంటాడు, కానీ 75 శాతం హాజరు కావాలి. సంసారం మోస్తున్నవాళ్లకు అది కుదరని పని. సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఆ బాధ లేదు. 1982లో జి. రాంరెడ్డి తొలి ఉపకులపతిగా మొదలైన మన సార్వత్రికం దేశంలోనే మొదటిది. ఇగ్నో వచ్చింది మూడేళ్ల తర్వాతే. ఇంటర్ లేనివాళ్లకూ అప్పట్లో అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో సీటిచ్చారు. ఆ మేలు చిన్నది కాదు.

అయితే సీటు దొరికాక ఏమవుతోంది? 2016లో పాత వరంగల్ నుంచి విడివడ్డ మూడు జిల్లాలను చూడండి. జనగామకు అటు కాజీపేట, ఇటు సికింద్రాబాద్ వైపు రైళ్లున్నాయి, సార్వత్రికం ఆదివారం పెట్టే క్లాసుకు ఎలాగోలా వెళ్లొచ్చు. మహబూబాబాద్‌కూ రైలుంది గానీ, తండా నుంచి స్టేషన్ దాకా రావడమే ఒక ప్రయాణం. పైగా మిర్చి ఏరే రోజుల్లో ఆడవాళ్లకు ఆదివారం ఎక్కడిది? ఆ కూలి వదులుకుంటే ఇల్లు గడవదు.

అందరికంటే ఇబ్బంది భూపాలపల్లి వాళ్లది. ఊరికి ప్యాసింజర్ రైలు లేదు, సింగరేణి షిఫ్టులు మారుతూ ఉంటాయి. నైట్ షిఫ్ట్ దిగిన కార్మికుడు పొద్దున క్లాసుకు పోవాలంటే నిద్ర మానుకోవాలి. వెళ్లలేక ఇంట్లోనే బి.కాం. పుస్తకం తెరుస్తాడు. యంత్రం పాతబడితే విలువ పడిపోతుందని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు, రోజూ చూస్తున్నదే. కానీ ఆ తరుగుదలను లెక్కగట్టే స్థిర వాయిదాల పద్ధతి, తగ్గుతున్న నిల్వల పద్ధతి అనేసరికి పెన్ను ఆగిపోతుంది. కాలేజీలోనైతే లెక్చరర్ బోర్డు మీద రెండేళ్ల లెక్క వేసి చూపిస్తే సరిపోయేది. పెద్దల చదువుకు వాళ్ల అనుభవమే పెట్టుబడి అని అమెరికా విద్యావేత్త మాల్కం నోల్స్ చెప్పాడు. ఆ అనుభవాన్ని పాఠంతో కలపడానికి మధ్యలో ఒక మనిషి కావాలి.

అందుకే రెంటిలో నా మొగ్గు సార్వత్రికం వైపే అయినా, దాని ప్రస్తుత తీరు నాకు నచ్చదు. హాజరు అడగకపోవడం సగం పనే. భూపాలపల్లిలో ఒకే పాఠాన్ని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెప్పాలి. మహబూబాబాద్‌లో మిర్చి కోతలు చూసుకుని క్లాసులు, పరీక్షలు పెట్టాలి. గదుల కొరత ఏమీ లేదు, సాయంత్రమైతే ప్రభుత్వ డిగ్రీ కాలేజీలకు తాళాలు పడతాయి. అక్కడ చెప్పే లెక్చరర్లకు అదనపు జీతమిచ్చి ఆ తాళాలు తీయించాలి.