75 గ్రాముల పనితనం

మా బాత్రూము అలమర పై అరలో ఒక తెల్లటి సబ్బు కడ్డీ నిలబడి ఉంటుంది. రెండు బొటనవేళ్ళు జోడించినంత లావు, అరచేతిలో ఇమిడేంత పొడవు. కింది కొస బల్లపరుపు. పై కొస బలపం అరగదీసినట్టు వాలుగా మొన తేలి ఉంటుంది. ఒంటికి రేకుకాగితం చుట్టి ఉంటుంది, అంతే. డబ్బా లేదు, మూత లేదు, తిప్పితే పైకొచ్చే గొట్టం లేదు. గడ్డం గీసుకునే సబ్బు అది. పేరు ఆర్కో, టర్కీ సరుకు. ఇస్తాంబుల్‌లో నాలుగు రోజులుండి వచ్చిన మా మేనల్లుడు అక్కడి కిరాణా కొట్లో కొని తెచ్చి, “మామయ్యా, అక్కడ ఉప్పూ పప్పూ అమ్మే కొట్లో దొరికింది, చాలా చవక” అంటూ చేతిలో పెట్టాడు. అది అయిపోయాక ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నాను. ఇప్పుడు వాడుతున్నది అయిదోది.

ఇన్నాళ్ళూ రోజూ పొద్దున్నే దాన్ని చెంపకు రుద్దుకుంటూ నేను గమనించిన సంగతి ఒకటుంది. గడ్డం సబ్బు గొప్పతనం దాని వాసనలోనూ డబ్బాలోనూ ఉండదు. ఏ కొవ్వు, ఏ క్షారం, ఏ పాళ్ళలో కలిపారు, కలిపిన ముద్దను ఎంత బాగా నలిపారు అన్నదాంట్లో ఉంటుంది. ఆ పని సరిగ్గా జరిగితే చవక సబ్బు కూడా గొప్ప సబ్బే.

మంచి నురగ అంటే ఏమిటో నాకు మొదట చెప్పింది తెనాలిలో మా వీధి చివర సెలూను నడిపిన పెద్దాయన. అల్యూమినియం గిన్నెలో గుండ్రటి షేవింగు సబ్బు, అరిగి నడుం సన్నబడ్డ బ్రష్షు, మూలన పటికబిళ్ళ, ఇవే ఆయన సామాను. మా నాన్నను కుర్చీలో కూర్చోబెట్టి గిన్నెలో బ్రష్షు తిప్పుతూ, పక్కన బల్ల మీద కాళ్ళూపుకుంటూ కూర్చున్న నాతో అనేవాడు: “నీళ్ళు తక్కువైతే పిండి, ఎక్కువైతే గంజి. రెంటికీ నడుమ ఉన్నదే నురగ, బాబూ.” బ్రష్షు పైకి లేపి చూపించేవాడు. దాని కొసన నురగ కొక్కెంలా వంగి నిలబడేది, కిందికి కారేది కాదు. మీగడలా మెరిసేది. బుడగ కంటికి ఆనేది కాదు.

కంటికి ఆనని ఆ బుడగలోనే ఉంది విషయమంతా. పొడి వెంట్రుక మహా మొండిది. గోరువెచ్చని నీళ్ళలో రెండు మూడు నిమిషాలు నానితే ఉబ్బి మెత్తబడుతుంది, బ్లేడు తక్కువ బలంతోనే తెగ్గొడుతుంది. నీళ్ళు మాత్రం ముఖం మీద నిలవవు, జారిపోతాయి. ఆ నీళ్ళను ప్రతి వెంట్రుక చుట్టూ పట్టి ఉంచడం నురగ చేసే మొదటి పని. బ్లేడుకూ చర్మానికీ మధ్య జారే పొరగా నిలవడం రెండోది. పెద్ద పెద్ద బుడగల నురగలో గాలి ఎక్కువ, నీరు తక్కువ. ఒక చెంప అయ్యేలోపు రెండో చెంప మీద ఎండి అట్ట కట్టేస్తుంది. స్ప్రే డబ్బాలోంచి ఉబ్బి వచ్చే నురగది ఇదే అవస్థ.

ఇక సబ్బు లోపలికి వెళ్దాం. కొవ్వూ క్షారమూ కలిస్తే సబ్బు. ఆ క్షారం కాస్టిక్ సోడా అయితే గట్టి సబ్బు వస్తుంది. మన ఒంటి సబ్బు, బట్టల సబ్బు అలాంటివే. కాస్టిక్ పొటాష్ అయితే మెత్తటి ముద్దలాంటి సబ్బు వస్తుంది, నీళ్ళు తగిలితే చాలు ఇట్టే కరుగుతుంది. గడ్డం సబ్బుకు ఈ రెండు గుణాలూ కావాలి. చేతిలో కడ్డీలా నిలవాలి, తడిగడ్డం తగలగానే కరగాలి. అందుకని రెండు క్షారాలూ వాడతారు. ఆర్కో కాగితం మీది చిన్న అక్షరాలు చదివితే పొటాషియం టాలోవేట్, సోడియం టాలోవేట్ రెండూ కనిపిస్తాయి, వాటితోపాటు స్టియరిక్ ఆమ్లం. టాలోవేట్ అంటే పశువుల కొవ్వుతో చేసిన సబ్బు. పొటాషియం పాలు మరీ పెరిగితే కడ్డీ చేతిలో నీరుగారిపోతుంది, సోడియం పాలు పెరిగితే రాయిలా అయి ఎంత రుద్దినా నురగ రాదు. తయారుచేసేవాడి నేర్పు ఆ తూకంలో ఉంది.

కొవ్వు ఎంపికలో ఉన్న నేర్పు ఇంతకన్నా లోతైనది. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. దానితో చేసిన సబ్బు క్షణంలో బుసబుసా నురగ పొంగిస్తుంది, అంత త్వరగానూ చల్లారిపోతుంది. పైగా చర్మంలోని జిడ్డునంతా లాగేసి బిగిసినట్టు చేస్తుంది. స్టియరిక్ ఆమ్లం దారి వేరు. 18 కర్బన పరమాణువుల తిన్నని గొలుసు అది, మధ్యలో వంపు లేదు. 69 డిగ్రీల సెల్సియస్ దాటితేగాని కరగదు. ఆ గొలుసులు ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా సర్దుకుంటాయి గనక దాని నురగ నెమ్మదిగా పుడుతుంది, పుట్టాక కదలదు. పశువుల కొవ్వులో ఇది సుమారు అయిదో వంతు ఉంటుంది. గడ్డం సబ్బుకు అది చాలదని విడిగా ఇంకొంత కలుపుతారు, అందులో కొంత క్షారంతో కలవకుండా అలాగే మిగిలేట్టు చూస్తారు. నురగకు మీగడతనం తెచ్చేది ఆ మిగిలిన భాగమే. కొబ్బరినూనె కూడా వేస్తారు గాని కొంచెమే, పొంగు మొదలుపెట్టడానికి. పొయ్యి రాజేసే చితుకుల్లాగా అన్నమాట; మంట నిలబెట్టే మొద్దు స్టియరిక్.

ఈ ఆమ్లాన్ని లోకానికి తెలియజెప్పినవాడు మిషెల్ షెవ్రోల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త. 1811లో ఆయన పందికొవ్వు, పొటాష్ కలిపి చేసిన సబ్బు ఒకదాన్ని పరీక్షిస్తుండగా ముత్యంలా మెరిసే పదార్థం ఒకటి కనిపించింది. దాని వెంటపడి కొవ్వుల గుట్టంతా విప్పి 1823లో పుస్తకంగా అచ్చువేశాడు. నూట రెండేళ్ళు బతికాడు. ఇప్పుడు మనం సబ్బు కాగితం మీద చదివే ఆమ్లాల పేర్లకు ఆయన పనే పునాది. మంచి గడ్డం సబ్బును కిటికీ వెలుతురులో తిప్పి చూస్తే పైపొరలో ఒక సన్నటి ముత్యపు మెరుపు కనిపిస్తుంది. నేను కొత్త కడ్డీ విప్పినప్పుడల్లా ముందు అదే చూస్తాను.

పాళ్ళు కుదిరాక నలపడం. మంచి గట్టి సబ్బును కరిగించి అచ్చులో పోసి వదిలేయరు. ఆరబెట్టిన సబ్బు తునకలకు పరిమళం పట్టించి ఉక్కు రోలర్ల మధ్యకు పంపుతారు. చెరుకురసం బండిలో రోలర్లు చూస్తాం కదా, అలాంటివే, గాని వాటి మధ్య సందు వెంట్రుకవాసి. పక్కపక్కనే ఉన్న మూడు రోలర్లలో ఒకదానికన్నా ఒకటి వేగంగా తిరుగుతుంది. వేగం తేడా వల్ల సబ్బు నలిగి, సాగి, పలచటి పొరగా నెమ్మది రోలరు నుంచి వేగం రోలరుకు ఎక్కుతుంది. చివర ఒక కత్తి దాన్ని రిబ్బన్లుగా గీకేస్తుంది. ఆ రిబ్బన్లను గాలి లాగేసే యంత్రంలో వేసి, జంతికల గొట్టంలో పిండి ఒత్తినట్టు ఒత్తితే అవతలి వైపు నుంచి ఒకే మొద్దుగా బయటికి వస్తాయి. దాన్ని కోసి ముద్ర కొడతారు. ట్రిపుల్ మిల్డ్ అని డబ్బాల మీద రాసేది ఈ పనినే. సబ్బు పొడుగునా ఒకే తీరుగా ఉండటం, లోపల గాలి బుడగ లేకపోవడం, తడిసినా పాచిపట్టినట్టు జావ కాకపోవడం, మొదటి రోజు ఎలా కరిగిందో చివరి రోజూ అలాగే కరగడం, ఇవన్నీ ఆ నలుగుడు ఫలితాలు. విరిగిన సబ్బు ముక్క అంచు చూడండి. మంచిదైతే పగిలిన పింగాణీలా నున్నగా ఉంటుంది, పొరలు పొరలుగా లేవదు.

కడ్డీ ఆకారంలో కూడా ఆలోచన ఉంది. బిళ్ళ సబ్బుకు గిన్నె కావాలి, గిన్నెలో బ్రష్షు తిప్పాలి. కడ్డీని తడిసిన గడ్డానికే రుద్దుతాం. గడ్డం మొలకలే కొబ్బరి కోరాములా సబ్బును తురుముకుంటాయి. ఎక్కడ వెంట్రుక మొండిగా ఉందో అక్కడే ఎక్కువ సబ్బు దిగుతుంది. ఏటవాలు మొన ముక్కు కింది ఇరుకులోకీ పెదవి అంచుకూ చక్కగా చేరుతుంది. చెంపకు నాలుగు రుద్దులు, మెడకు నాలుగు, గడ్డం కింద రెండు చాలు. ముఖం మీద తెల్లటి జిగురు పొర పడుతుంది. తడి బ్రష్షు గుండ్రంగా తిప్పడం మొదలుపెడితే పది తిప్పులదాకా ఏమీ జరగనట్టే ఉంటుంది. అక్కడ తొందరపడకూడదు. బ్రష్షు కొసలు నీళ్ళలో ముంచి, మళ్ళీ తిప్పి, ఇంకోసారి ముంచాక, ఉన్నట్టుండి కుంచె బరువెక్కుతుంది. చప్పుడు కూడా మారుతుంది. అంతదాకా గరగరమన్న బ్రష్షు మెత్తగా, వెన్న చిలికినట్టు పలుకుతుంది. అదే గుర్తు.

ఈ సబ్బు చేసే ఎవ్యాప్ కంపెనీ 1927లో ఎర్జురూమ్‌లో మొదలైంది. తూర్పు టర్కీలో సుమారు 1900 మీటర్ల ఎత్తున, చలికీ పశువుల పెంపకానికీ పేరున్న ఊరు అది. ఆర్కో పేరు 1957 నాటిది. టర్కీలో సెలూనులో గడ్డం గీశాక కొలోన్యా అనే నిమ్మ వాసన పరిమళ ద్రవాన్ని చేతుల్లో పోసి చెంపలకు పట్టించడం ఆనవాయితీ. ఆర్కో వాసన కూడా ఆ నిమ్మ దారిలోనే ఉంటుంది, మరీ ఘాటుగా. మొదటిసారి విప్పినవాళ్ళు బట్టల సబ్బు అనుకుని దూరం పెట్టడం నేను చూశాను. కాగితం విప్పి వారం రోజులు గాలికి ఉంచితే ఘాటు తగ్గి శుభ్రమైన వాసన మిగులుతుంది. దీనికున్న అసలు లోపం రేకుకాగితం. తడిచేత్తో పట్టుకుంటే జారుతుంది. దానికి ఒక చిన్న గొట్టం పెట్టి ఉంటే బాగుండేది.

కొనేటప్పుడు నేను చూసేది ముందు కాగితం మీది వరస. ఎక్కువ ఉన్నది ముందు రాస్తారు గనక, మొదటి రెండు మూడు పేర్లలో పొటాషియం, స్టియరిక్ లేదా టాలోవేట్ ఉంటే సగం నమ్మకం కుదురుతుంది. కొబ్బరి పేరు అన్నిటికన్నా ముందుంటే, సబ్బు గాజులా పారదర్శకంగా ఉంటే, ఎంత అందంగా ఉన్నా వదిలేస్తాను. తర్వాత గ్రాముకు ఎంత పడుతుందో లెక్క. ట్యూబులోని క్రీములో నీళ్ళ వాటా పెద్దది. గట్టి సబ్బుకైతే నీళ్ళు మనింట్లోవి. మిగతా సబ్బుల సంగతికొస్తే, స్పెయిన్ వాళ్ళ లా తోహా దీవి పేరిటి కడ్డీలో ఆ దీవి ఊటనీటి లవణాలుంటాయి, యూరప్‌లో దొరికే పామోలివ్ కడ్డీ సులువుగా నురగిస్తుంది. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ ఒకప్పటి ఉన్ని మిల్లుల ఊరు. అక్కడి మిచెల్స్ బిళ్ళలో గొర్రె ఉన్ని జిడ్డు, అంటే లానొలిన్ కలుస్తుంది. గీసుకున్నాక చర్మం మీద అది వదిలే మెత్తదనం ఆర్కోకు లేదు, ఒప్పుకోవాలి. మిచెల్స్ ధరా అలాగే ఉంటుంది. బ్లేడు కింద నిలిచే నురగ విషయంలో మాత్రం ఆర్కో దానికి తీసిపోదు.

పశువుల కొవ్వు వద్దనుకునేవాళ్ళు మన ఇళ్ళలో చాలామంది ఉన్నారు. వాళ్ళు టాలోవేట్ అన్న మాట వెతికి చూసుకోవాలి. పామేట్ అని ఉంటే పామాయిల్‌ది. స్టియరేట్ అని మాత్రమే ఉంటే అది రెండు వైపుల నుంచీ రావచ్చు గనక శాకాహార గుర్తు ఉన్నదే తీసుకోవాలి. జంతువుల కొవ్వు లేని సబ్బు కోసం మన దేశంలో పట్టుదల పాతదే. మొదటి ప్రపంచయుద్ధం ముగిసే రోజుల్లో అర్దేషిర్ గోద్రెజ్ ‘చావి’ పేరుతో మొక్కల నూనెల సబ్బు తెచ్చాడు. పామాయిల్‌లోని గట్టి భాగమైన పామ్ స్టియరిన్‌తో కూడా మీగడ లాంటి నురగ వస్తుంది, స్టియరిక్ పాళ్ళు సరిగ్గా ఉండాలంతే.

నీళ్ళ సంగతి మరవకూడదు. మా బోరు నీళ్ళలో మొదట్లో ఈ కడ్డీ నురగ రాక పెరుగు విరిగినట్టు తెల్లటి పలుకులు తేలాయి. సబ్బు మీద అనుమానపడ్డాను. తప్పు సబ్బుది కాదు. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం స్టియరిక్ సబ్బును పట్టుకుని కరగని మడ్డిగా మార్చేస్తాయి. ఎంత మంచి సబ్బయితే అంత స్టియరిక్, అంత మడ్డి. తాగే ఆర్వో నీళ్ళు ఒక కప్పు పక్కన పెట్టుకుని అందులోనే బ్రష్షు ముంచడం మొదలుపెట్టాక అదే కడ్డీ తెనాలి గిన్నెలో చూసిన నురగ ఇచ్చింది. వాన పడ్డ రోజు డాబా మీద బకెట్టు పెడతాను. ఆ నీళ్ళతో వచ్చే నురగ ఇంకా బాగుంటుంది.

కొత్త సబ్బు ఏదైనా సరే ఒక పరీక్ష పెడతాను. నురగ చేసి ముంజేతి మీద నిమ్మకాయంత పెట్టి అయిదు నిమిషాలు వదిలేస్తాను. వేలితో తాకితే ఇంకా తడిగా, జారుతూ ఉండాలి, అంచులు ఎండి పొలుసు కట్టకూడదు. ఆర్కో పది నిమిషాలు నిలిచింది.

ఎన్నాళ్ళొస్తుందో తెలుసుకోవాలని మూడో కడ్డీని బంగారం తూచే చిన్న త్రాసు మీద పెట్టాను. ముప్పై గడ్డాల తర్వాత, పూర్తిగా ఆరనిచ్చి మళ్ళీ తూచాను. 19 గ్రాములు తగ్గింది. అంటే గడ్డానికి 0.63 గ్రాము. మొత్తం 75 గ్రాములకు నూట పద్దెనిమిది గడ్డాలు, దాదాపు నాలుగు నెలలు.

చివరికి పట్టుకోవడానికి వీల్లేనంత చిన్న బిళ్ళ మిగులుతుంది. మా అమ్మ ఒంటి సబ్బు ముక్కను కొత్త సబ్బుకు అతికించినట్టే, దాన్ని తడిపి కొత్త కడ్డీ అడుగున ఒత్తిపెట్టి ఒక రాత్రి వదిలేస్తాను. ఒకే తీరుగా నలిగిన సబ్బు గదా, పొద్దుటికల్లా అతుకు ఎక్కడుందో వేలికి తగలదు.