అంకె చెప్పేదీ, గొంతు చెప్పేదీ

శిల్పం కథకూ కవిత్వానికీ కావాలి గాని చరిత్రకు నిజం ఉంటే చాలునని మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. నాకూ ఉండేది. 1946–51 నాటి తెలంగాణా సాయుధ పోరాటం మీద వచ్చిన రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టుకుని చదివిన తర్వాత అది నిలవలేదు.

మొదటిది 1972లో పుచ్చలపల్లి సుందరయ్యగారు ఆ పోరాటాన్నీ, దాని గుణపాఠాలనూ వివరిస్తూ రాసిన గ్రంథం. రెండవది 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర'. పోరాటంలో పాల్గొన్న స్త్రీలు స్వయంగా చెప్పిన జీవితకథలివి.

సుందరయ్యగారిది లెక్క చెప్పే పద్ధతి. సుమారు 3,000 గ్రామాలు, పంచిన భూమి 10 లక్షల ఎకరాలు, ప్రాణాలిచ్చినవారు 4,000 మంది దాకా. ఇందులో ఆవేశం లేదనడం పొరపాటు. పోరాటాన్ని ఉత్త అల్లరిగా కొట్టిపారేసేవారికి అంకెను మించిన జవాబు లేదు. విశేషణాన్ని కాదనవచ్చు, ఎకరాలను కాదనడం కష్టం. స్త్రీల పాత్రకు ఆయన ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించారు కూడా.

అయినా అంకెకు అందనిది ఒకటుంది. అజ్ఞాతవాసంలో కమలమ్మ తన పసిబిడ్డను పరాయివారికి ఇచ్చివేయవలసి వచ్చింది. రెండవ పుస్తకంలో ఆ సంగతి ఆమె నోటనే వింటాం. దీన్ని 'కార్యకర్తలు త్యాగాలు చేశారు' అని రాసినా అబద్ధం కాదు. కాని త్యాగం అనే నామవాచకం ఆ బాధకు దండ వేసి, పటం కట్టి గోడకు తగిలిస్తుంది. 'ఇచ్చాను' అనే క్రియ అలా చేయనివ్వదు. తెలుగు క్రియ చివర మనిషి ఉంటుంది: ఇచ్చాను, ఇచ్చాం, ఇచ్చారు. ఎవరు ఇచ్చారు, ఎవరు ఇమ్మన్నారు అనే ప్రశ్న అక్కడే పుడుతుంది.

పుస్తకం పేరే చూడండి. 'మేము' అంటే వినేవాడు బయట ఉంటాడు, 'మనం' అంటే లోపల ఉంటాడు. 'మాకు తెలియని మా చరిత్ర' అని ఉంటే అది సంపాదకుల విన్నపం మాత్రమే అయ్యేది. 'మన' అనడంతో ఆ చరిత్రలోనే కాదు, అది తెలియకపోవడంలోనూ పాఠకునికి వాటా వచ్చింది. 1989లో ఈ పుస్తకం ఇంగ్లీషులోకి వెళ్ళింది గాని ఈ తేడా వెళ్ళలేదు. ఆ భాషలో రెండింటికీ ఒకటే మాట.

గొంతు ఒక్కటే చాలునని నేననను. జ్ఞాపకం తారీఖులు మరవవచ్చు. ఏరి కూర్చే చేతికీ ఒక దృక్పథం ఉంటుంది. ఎకరాల లెక్క తెలియనివాడికి ఆ తల్లి దుఃఖం కేవలం ఒక ఇంటి దుఃఖంగానే కనిపిస్తుంది. రెండూ కలిసినప్పుడే అది చరిత్ర.

తరగతిలో ఏళ్ళ తరబడి నేను అంకెలే చెప్పాను, విద్యార్థులు అంకెలే రాసి మార్కులు తెచ్చుకున్నారు. తప్పు అంకెలది కాదు, నాది. ఉద్యమ చరిత్ర రాయబూనే యువకులకు నా మనవి ఒక్కటే. 'త్యాగం' అని రాయబోయిన చోటల్లా కలం ఆపండి. ఎవరు, ఏమి, ఎవరి మాట మీద ఇచ్చారో కనుక్కుని, అది రాయండి.