తేలికపాటి అంతరిక్ష యుద్ధనౌకలు: సిబ్బంది, ఆయుధబలం – మూడు కల్పనల పరిశీలన

1. ప్రస్తావన

అంతరిక్ష యుద్ధకల్పనలో చిన్న నౌకది విశిష్ట స్థానం. ఆయుధాలు పెరిగేకొద్దీ వాటికి కావలసిన విద్యుత్తు, మందుగుండు, మరమ్మతు పెరుగుతాయి. వాటిని చూసుకునే మనుషులకు గాలి, నీరు, తిండి, పడక కావాలి. పరిమితమైన స్థలంలో ఈ రెండు అవసరాలూ పోటీపడతాయి. ఈ లెక్కను రచయితలు తేల్చిన తీరు సాంకేతిక విషయం మాత్రమే కాదు; కథలో నష్టం, బాధ్యత ఎవరిపై పడతాయో కూడా అదే నిర్ణయిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. ఫియర్‌లెస్: ఆయుధానికి మూల్యం

డేవిడ్ వెబర్ నవల ‘ఆన్ బాసిలిస్క్ స్టేషన్’ (1993)లో ఆనర్ హారింగ్టన్ నడిపే ఫియర్‌లెస్ ఒక తేలికపాటి క్రూయిజర్. అతి సమీపం నుంచి మాత్రమే పనిచేసే గ్రావిటీ లాన్స్ కోసం దాని మామూలు ఆయుధాలలో అధికభాగం తొలగిస్తారు. పైగా సుంకం తనిఖీల వంటి పనులకు సిబ్బందిలో కొందరిని నౌక వెలుపలికి పంపవలసి వస్తుంది. చివరి పోరులో ఆ ఆయుధం అక్కరకు వస్తుంది. కానీ దాని పరిధిలోకి చేరేలోగా సిబ్బంది భారీగా నశిస్తారు. పైఅధికారులు చేసిన ఎంపికకు కిందివారు ప్రాణాలతో మూల్యం చెల్లించారన్నదే వెబర్ విమర్శ.

3. డిఫయంట్: నౌకను నిలిపే శ్రమ

‘స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్’లో 1994లో ప్రవేశించిన డిఫయంట్ బోర్గ్‌లను ఎదుర్కోవడానికి రూపొందింది. పరిమాణానికి మించిన ఆయుధశక్తి, ఇంజన్ శక్తి దాని లోపాలుగా కథే చెబుతుంది. కుటుంబాలతో సహా సుమారు 1000 మందిని మోసే ఎంటర్‌ప్రైజ్‌కు ఇది పూర్తిగా భిన్నం. ‘స్టార్‌షిప్ డౌన్’ (1995) అనే భాగంలో నౌక దెబ్బతిన్నప్పుడు వోర్ఫ్ ఇంజన్ గది నుంచి నాయకత్వం వహిస్తాడు. ఆజ్ఞాపించడం కన్నా పనివారి మనసెరగడం ముఖ్యమని ఓబ్రయన్ వల్ల గ్రహిస్తాడు. నౌకను నిలబెట్టేది తుపాకులు కావు, మరమ్మతు చేసే చేతులు.

4. రోసినాంటే: కొద్దిమంది, పెద్ద నిర్ణయం

జేమ్స్ ఎస్. ఎ. కోరీ ‘ఎక్స్‌పాన్స్’ నవలల్లో (2011–2021) రోసినాంటేను మొదట నలుగురే నడుపుతారు. వైద్య సహాయకుడు షెడ్ ఆ నౌక ఎక్కకముందే మరణిస్తాడు. అతని పనిని యంత్రం చేస్తుంది. ఇంత తక్కువమందితో దెబ్బతిన్న నౌకను కాపాడుకోవడం ఎంతవరకు సాధ్యమన్నది ఈ కల్పనలోని బలహీనత. అయితే ‘బాబిలన్స్ యాషెస్’ (2016)లో శత్రునౌకపై ప్రయోగించిన టార్పెడోలను హోల్డెన్ రహస్యంగా నిర్వీర్యం చేస్తాడు. ఆ నౌకలో నయోమి కొడుకు ఉన్నాడు. అనేక చేతులు మారే పెద్ద నౌకలో ఇది సులభసాధ్యం కాదు. అంటే సిబ్బంది తగ్గినప్పుడు ఒక్కడి అంతరాత్మకే ఆయుధాన్ని ఆపే శక్తి వస్తుంది. ఒక్కడి పొరపాటుకూ అంతే శక్తి వస్తుంది.

5. ముగింపు

వాస్తవ నౌకాదళానికీ ఈ చిక్కు తప్పలేదు. అమెరికా తీరప్రాంత యుద్ధనౌకలను సుమారు 40 మంది ప్రధాన సిబ్బందితో నడపాలని తొలుత తలపెట్టారు. తరువాత ఆ సంఖ్యను పెంచవలసి వచ్చింది. యంత్రం శ్రమను తగ్గించవచ్చు గాని, ఆ శ్రమ చేసేవారు ఎవరన్న ప్రశ్నను తొలగించదు. ఆ ప్రశ్నను వెబర్ మృతుల ద్వారా, డిఫయంట్ కథ శ్రామికుల ద్వారా, కోరీ ఒక వ్యక్తి రహస్యం ద్వారా అడిగారు. కనుక ఇటువంటి కల్పనలను అంచనా వేసేటప్పుడు తుపాకుల సంఖ్యతో పాటు, అవి పేలిన తరువాత నౌకలో మిగిలేదెవరో కూడా విమర్శకులు గమనించాలి.