గిన్నెలోని ధ్వని

కళాఖండమును చూచినతోడనే "దీని యర్థమేమి?" యని యడుగుట మన విద్యావంతులకు అలవాటైనది. సరళవృక్షము చిరాయువునకు గుర్తు, వెదురు స్థైర్యమునకు గుర్తు అని పట్టిక వ్రాసికొని తృప్తి పడుదుము. జపానువారి చిత్రిత తేనీటి గిన్నెలనుగూర్చి వ్రాయువారు పెక్కురు ఈ త్రోవనే పట్టిరి. నేనును తరగతిలో చాలకాలము అట్లే చెప్పితిని. ఆ పట్టికలు అబద్ధములు కావు. కాని యవి చాలవు.

టోక్యోలోని మిత్సుయి స్మారక ప్రదర్శనశాలయందు "ఉనోహనగాకి" యను గిన్నె యొకటి కలదు. పదునాఱవ శతాబ్దము ముగిసి పదునేడవది మొదలగు కాలమున మినో సీమలో కాల్చిన షినో జాతి గిన్నె యిది. దట్టమైన తెల్లని పూతక్రింద ఇనుపరంగుతో గీచిన కొన్ని అడ్డుగీతలును నిలువుగీతలును మాత్రమే దీని యలంకారము. ఆకారము వంకర, అంచు ఎగుడుదిగుడు, పూతయందు సూదిబెజ్జములు. చేసిన కుమ్మరి పేరు తెలియదు. అయినను జపానులో తయారైన తేనీటి గిన్నెలలో జాతీయనిధి యను గౌరవము దీనికిని, హొన్ఆమి కోఎత్సు (1558-1637) చేసిన "ఫుజిసాన్" గిన్నెకును మాత్రమే దక్కినది.

ఉనోహన యనునది వేసవి తొలినాళ్లలో తెల్లగా పూచు పొద. ఉనోహనగాకి యనగా ఆ పూలకంచె. గీతలు కంచె; పూతయే పూలు. కుమ్మరి ఒక్క పువ్వునైనను చిత్రింపలేదు. ఈ పేరును, దానికి తగిన పద్యమును పెట్టెమూతకు చేర్చినవాడు తరువాతి కాలపు తేనీటి గురువు కతగిరి సెకిషూ (1605-1673) అని చెప్పుదురు. ధ్వనియే కావ్యమునకు ఆత్మ యన్న ఆనందవర్ధనుడు ఈ గిన్నెను చూచియున్నచో, దీనికి సహృదయుడు దొరకెనని సంతసించెడివాడు. అర్థము మట్టిలో ముందే పాతిపెట్టిన నిధి కాదు. చూపు తోడైనప్పుడు పుట్టునది.

అర్థము చూపుతోనే ముగియదు. ఆతిథేయుడు చిత్రమున్న ముఖమును అతిథివైపు త్రిప్పి గిన్నె నిచ్చును. అతిథి దానిని చేతులలో త్రిప్పి, ఆ ముఖమును తప్పించి, వేఱొకవైపున పెదవి చేర్చును. ఒకరు తమ అందమైనదానిని ముందుంచుట, వేఱొకరు దానిని తాకక మన్నించుట: ఈ మర్యాద ఏ పట్టికలోను లేదు.

అయితే ఒక లోపమును దాచరాదు. వినయమును నేర్పవలసిన ఈ కళ ప్రభువుల చేతిలో అధికారచిహ్నమైనది. ఓడా నోబునాగా (1534-1582) తేనీటి పరికరములను సేనానులకు బహుమానములుగా నిచ్చెను. గిన్నెను మెచ్చినవారు కుమ్మరిని మఱచిరి. షినో పాత్రలు సెతోలో చేసినవని పండితులు తలచుచుండగా, 1930లో అరకావా తొయోజో మినోసీమ ఒగాయాలోని ముతబోరా ఆవమున, వెదురుమొలక వ్రాసిన పెంకును కనుగొని, వాని జన్మస్థానము మినో యని చూపెను. అనగా మూడువందల యేండ్లకు పైగా గుర్తుల యర్థము తెలిసిన లోకమునకు, చేసిన చేతుల ఊరు తెలియలేదు!

కావున ఇకమీదట విద్యార్థి "దీని యర్థమేమి?" యని యడిగినచో, నేను పట్టిక తీయను. ఎవరు చేసిరి, ఎవరు ఎవరి కిచ్చిరి, పుచ్చుకొన్నవాడెట్లు పట్టుకొనెను అని తిరిగి యడుగుదును. గుర్తుల మాట ఆ పిమ్మట చెప్పుకొనవచ్చును.