ఘాటుకు నమస్కారం

యూజినాల్, నిన్ను మా ఇళ్లలో ఎవరూ నీ పేరుతో పిలవరు. లవంగం వాసన అంటారు, తులసి వాసన అంటారు, పళ్ల డాక్టరు గది వాసన అంటారు. ఎన్ని చోట్ల తగిలినా ముక్కు నిన్ను ఇట్టే పోల్చుకుంటుంది. తీపి కాదు గానీ తీపిని తలపిస్తావు. కారం కాదు గానీ నాలుకను చురుక్కుమనిపిస్తావు. మంట లేకుండానే వెచ్చబెడతావు. చర్మంలో, నాలుకలో వేడిని పసిగట్టే నాడుల తలుపు నువ్వు తట్టగానే తెరుచుకుంటుంది. అందుకే చలికాలం పొద్దున లవంగం బుగ్గన పెట్టుకున్నవాడికి లోపలెక్కడో కుంపటి రాజుకున్నట్టుంటుంది.

ఒక లవంగాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తాను. ముదురు గోధుమరంగు కాడ. దాని కొసన నాలుగు వైపులకీ విచ్చుకున్న నాలుగు చిన్న కొనలు. వాటి నడుమ, రేకులు ఒకదాని మీద ఒకటి ముడుచుకున్న గుండు. పాత సరుకైతే ఆ గుండు ఎప్పుడో రాలిపోయి ఉంటుంది. కాడ మీద గోటితో గట్టిగా నొక్కితే, మంచి లవంగమైతే గోరు దిగినచోట నూనె చెమ్మ మెరుస్తుంది. కాడ పైపొర కిందే వరసగా నూనె తిత్తులున్నాయి. నువ్వు కాపురముండేది అక్కడే. నూనె పిండేసి, ఎండబెట్టి, మంచి సరుకులో కలిపి అమ్మే లవంగాలూ ఉన్నాయి. గ్లాసెడు నీళ్లలో వేస్తే సంగతి బయటపడుతుంది. నూనె నిండినది మునుగుతుంది, లేదా గుండు పైకి పెట్టి నిటారుగా నిలబడుతుంది. నువ్వు వెళ్లిపోయినది అడ్డంగా తేలుతుంది.

అది పూవు కాకముందే కోసిన మొగ్గ. ఆకుపచ్చ పోయి ఎరుపు తిరిగే రోజుల్లో, రేకు విప్పకముందే, గుత్తులు గుత్తులుగా చేత్తో కోస్తారు. ఒకసారి విచ్చుకుందంటే దానికి ధర లేదు. నాలుగైదు రోజులు ఎండలో ఆరేసరికి బరువు మూడోవంతుకు పడిపోతుంది. నీళ్లన్నీ పోయి నువ్వు మిగులుతావు. లవంగ నూనెలో నూటికి 70 నుంచి 90 పాళ్లు నువ్వే.

పది కార్బన్లు, పన్నెండు హైడ్రోజన్లు, రెండు ఆక్సిజన్లు. నీకు కావలసిన సామాను ఇంతే. కానీ ఆ సామాను ఎక్కడ నుంచి వచ్చిందో తెలిసిన రోజు నుంచి నీ మీద గౌరవం పెరిగింది. చెట్టు తన మానును గట్టిపరచుకోవడానికి లిగ్నిన్ అనే పదార్థాన్ని కట్టుకుంటుంది. లిగ్నిన్‌కు ముడిసరుకు కొనిఫెరైల్ ఆల్కహాల్. అదే ముడిసరుకులో పిసరంత పక్కకు తీసి, ఎంజైముల చేత మలిపించి, చెట్టు నిన్ను తయారు చేస్తుంది. మాను నిలబడటానికి వాడే దానితోనే మొగ్గకు కాపలా పెట్టుకుందన్నమాట. నిన్ను చూస్తే బూజు వెనక్కి తగ్గుతుంది, బాక్టీరియా పొర చితికిపోతుంది, చాలా పురుగులు దూరం జరుగుతాయి. చెట్టు నిన్ను మా కోసం చేయలేదు. తన ప్రాణం కోసం చేసుకుంది. ఆ లిగ్నిన్ మంటల్లో విరిగినప్పుడు కూడా నువ్వు మళ్లీ పుడతావు. కట్టెల పొయ్యి పొగలో, ఆ పొగ పట్టిన వంకాయ పచ్చడిలో నీ పాలూ ఉంది.

నీళ్లకు నువ్వు అంత సులువుగా లొంగవు. నెయ్యికి మాత్రం వెంటనే లొంగిపోతావు. వంట తెలిసినవాళ్లు లవంగాన్ని ముందు కాగిన నెయ్యిలో వేసేది అందుకే. అది ఉబ్బి గుండ్రబడుతుంది, నువ్వు నెయ్యిలోకి దిగుతావు, ఆ నెయ్యి ప్రతి మెతుకుకూ నిన్ను పంచుతుంది. నువ్వు మరగాలంటే సుమారు 254 డిగ్రీల వేడి కావాలి. ఏ గిన్నెలోనూ అన్నం అంత వేడెక్కదు. అయినా నీటి ఆవిరి తోడు దొరికితే నూరు డిగ్రీల లోపే నువ్వు ప్రయాణం కడతావు. లవంగ నూనె తీసే బట్టీల్లో జరిగేది ఇదే. ఆవిరి నిన్ను మోసుకొచ్చి చల్లారుతుంది. నీళ్లు పైన నిలుస్తాయి, నువ్వు అడుక్కి చేరతావు. సుగంధ తైలాల్లో చాలావరకు నీటి మీద తేలేవే. నువ్వు బరువైనదానివి, మునుగుతావు. హైదరాబాదీ దమ్ బిర్యానీ గిన్నెకు మూత చుట్టూ పిండి అంటించి బిగించడంలో ఉన్న తెలివి నాకు ఈ బట్టీని చూస్తే బోధపడింది. ఆవిరితో లేచిన నిన్ను గాలికి వదలకుండా, మళ్లీ అన్నం మీదికే దించడం ఆ వంటవాళ్ల ఎత్తుగడ.

పెళ్లిళ్లలో తాంబూలం చిలకలు చుట్టి, విడిపోకుండా ఒక లవంగం గుచ్చుతారు. కొన్ని రకాల తమలపాకుల్లో కూడా నువ్వున్నావు. అంటే ఆకులోనూ నువ్వే, ఆకును పట్టి ఉంచిన మేకులోనూ నువ్వే. (చిలకలోని వక్క సంగతి వేరు. అది క్యాన్సర్ తెస్తుందని రుజువైంది. దాని పాపం నీకు అంటించను.) తులసి కోటలో నువ్వు, జాజికాయలో కొద్దిగా నువ్వు, గులాబీలో మరీ కొద్దిగా నువ్వు. దాల్చిన చెట్టు బెరడుకు వాసన ఇచ్చేది ఇంకొక అణువు. అదే చెట్టు ఆకును నలిపి చూస్తే మాత్రం వేళ్లకు అంటేది నువ్వే.

నీ కోసం మనుషులు చేసినదంతా పుణ్యం కాదు. లవంగ చెట్టు శతాబ్దాల పాటు లోకం మొత్తానికి ఒక్క చోటే పండింది. ఇప్పటి ఇండోనేషియాలోని మలుకు దీవులు ఆ చోటు. టెర్నాటె, టిడోరె, మోటి, మకియన్, బచన్. చిన్న చిన్న అగ్నిపర్వతపు దీవులు. చైనాలో హాన్ రాజుల కొలువులో చక్రవర్తితో మాట్లాడేవాళ్లు నోట్లో లవంగం పెట్టుకోవాలని నియమం ఉండేది. నావికుడు మెగలాన్ ఓడల్లో ఒక్కటే, విక్టోరియా, 1522లో స్పెయిన్‌కు తిరిగి చేరింది. దాన్లో బతికి దిగినవాళ్లు 18 మంది. దాని కడుపు నిండా టిడోరె లవంగాలు. భూగోళాన్ని మొదటిసారి చుట్టి వచ్చిన ఓడ మోసుకొచ్చింది నిన్నే.

ఆ తర్వాత డచ్చి వర్తక కంపెనీ వచ్చింది. మలుకు దీవుల వాళ్లు లవంగాలకు బదులు కోరింది మన కోరమాండల్ తీరపు నూలు బట్ట. 17వ శతాబ్దం తొలి ఏళ్లలోనే డచ్చివాళ్లు మచిలీపట్నంలో కొలువు తీరడానికి పెద్ద కారణం అది. మన తీరంలో నేసి అద్దిన బట్ట ఓడెక్కి తూర్పుకు వెళ్లి లవంగంగా మారేది. ఆ మగ్గం దగ్గర కూర్చున్న మనిషికి తన బట్ట ఏ దీవిలో ఏ చెట్టు కొమ్మకు వెల అయిందో తెలిసి ఉండదు. ధర పడిపోకూడదని ఆ కంపెనీ అంబోన్ చుట్టుపక్కల తప్ప మిగతా దీవుల్లో లవంగ చెట్లు నరికించింది. బిడ్డ పుట్టినప్పుడు ఒక లవంగ చెట్టు నాటే ఆచారం ఆ దీవుల్లో ఉండేదని అంటారు. అలాంటి చోట గొడ్డలి దేని మీద పడిందో ఊహించుకుంటే మనసు కలుక్కుమంటుంది. పియేర్ పువావ్ర్ అనే ఫ్రెంచి దొర 1770లో దొంగచాటుగా తెప్పించిన మొక్కలు మారిషస్‌లో బతికాక ఆ గుత్తాధిపత్యం సడలింది. 19వ శతాబ్దంలో జాంజిబార్, పెంబా దీవులు లవంగానికి మెట్టినిళ్లయ్యాయి. కానీ అక్కడ మొగ్గలు కోసిన చేతులు బానిసలవి. మన దేశంలో 1800 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ తమిళనాడులోని కుర్తాళంలో మొక్కలు నాటించింది. ఇవాళ కన్యాకుమారి కొండల లవంగానికి భౌగోళిక గుర్తింపు ఉంది.

పన్ను నొప్పి రాత్రిపూటే ఎందుకు ముదురుతుందో గానీ, ఆ రాత్రి నీ విలువ తెలుస్తుంది. నొప్పి వార్తను మెదడుకు మోసేది నాడుల్లో సోడియం దారులు. నువ్వు వెళ్లి ఆ దారులు మూస్తావు. మొదట చురుక్కు, తర్వాత మొద్దు, తర్వాత నిద్ర. పళ్ల డాక్టరు చేతిలో నువ్వు ఇంకొక రూపం ఎత్తుతావు. గాజు పలక మీద తెల్లటి జింక్ ఆక్సైడ్ పొడి, పక్కన రెండు మూడు బొట్లు నువ్వు. సన్నని స్పాచులాతో పొడిని కొంచెం కొంచెంగా నీలోకి లాగి రుద్దుతారు. పలుచని జారు కాస్తా ముద్దవుతుంది. పంటి గుంటలో పెట్టాక నోటి తడి తగిలి ఇంకా త్వరగా గట్టిపడుతుంది. అది తాత్కాలిక పూత. నాడి ఊరట పడేదాకా పంటిని కప్పి ఉంచుతుంది. కొత్తరకం రెజిన్ ఫిల్లింగు మాత్రం నువ్వున్నచోట సరిగా గట్టిపడదు గనుక, అది పెట్టాల్సిన పంటిలో నిన్ను ముందుగా వాడరు.

చేపల్ని నొప్పి లేకుండా తూచడానికి, టీకా వేయడానికి నీళ్లలో కాసిని చుక్కలుగా నువ్వు దిగి వాటిని నిద్రపుచ్చుతావు. జపాన్‌లో కత్తులకు తుప్పు పట్టకుండా పూసే నూనెలో నీ పరిమళం కలుపుతారు. కార్నేషన్ పూల వాసన కావాలంటే అత్తరు పనివాళ్లు మొదట చేయి చాచేది నీ సీసా మీదికే. 1948లో నీనా రిచ్చి సంస్థ తెచ్చిన లేర్ దు తాన్ పరిమళానికి ఆ కార్నేషన్ ఛాయే ప్రాణం. నీలో ఒక బంధాన్ని అటు నుంచి ఇటు జరిపితే ఐసోయూజినాల్ అవుతావు. దాన్ని ఆక్సీకరిస్తే వెనిలా వాసన. ఐస్‌క్రీములో పిల్లలు నాకిన కృత్రిమ వెనిలా ఒకప్పుడు చాలావరకు లవంగ నూనె నుంచే వచ్చింది.

నీ తోబుట్టువు మిథైల్ యూజినాల్‌ను మన మామిడి రైతులు బాగా ఎరుగుదురు. నూజివీడు వైపు గానీ, చిత్తూరు వైపు గానీ, కాయ పక్వానికి వచ్చే ముందు తోటలోకి వెళ్తే కొమ్మలకు వేలాడే ప్లాస్టిక్ డబ్బాలు కనిపిస్తాయి. లోపల మిథైల్ యూజినాల్, మలాథియాన్ అనే పురుగుమందు పీల్చుకున్న చిన్న ప్లైవుడ్ ముక్క. పండు ఈగ మగది ఈ వాసనకు చాలా దూరం నుంచి వస్తుంది. ఈ అణువును తిని, తన ఒంట్లో మార్చుకుని, ఆడ ఈగను పిలిచే వాసనగా వాడుకోవడం దాని స్వభావం. డబ్బాలో చచ్చిన మగవాటి రాశి పెరిగే కొద్దీ, తోటలో ఆడ ఈగలకు జత దొరకదు. కాయలో గుడ్డు పొదగదు, పురుగు పట్టదు. తోటంతా మందు కొట్టకుండా ఇంత పని చేసే వాసనను నేను ఇంకొకటి ఎరుగను.

ఇంతగా పొగిడినవాణ్ణి, నీ కోపం గురించి దాచను. దాస్తే అది స్తోత్రం కాదు. నువ్వు కొందరి చర్మాన్ని దద్దుర్లెక్కిస్తావు. యూరప్‌లో ఒంటికి రాసి ఉంచుకునే సామగ్రిలో నువ్వు 0.001 శాతం దాటితే, కడిగేసుకునే వాటిలో 0.01 శాతం దాటితే, పెట్టె మీద నీ పేరు అచ్చు వేయాల్సిందే. ఐసోయూజినాల్ నీ కంటే దురుసు, దాని వాడకాన్ని పరిమళాల పరిశ్రమే బాగా తగ్గించుకుంది. మిథైల్ యూజినాల్‌ను 2023లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించే వాటి వరసలో చేర్చింది. అమెరికాలో కృత్రిమంగా చేసిన దాన్ని రుచి కోసం ఆహారంలో కలపడానికి ఉన్న అనుమతిని 2018లోనే తీసేశారు. తోటలో ఎరలు కట్టేవాళ్లు చేతికి తొడుగు వేసుకోవాలి. నిన్ను మాత్రం ఆ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకంగా వర్గీకరించలేదు.

నీ అసలు ప్రమాదం సీసాలో ఉంది. మనిషి రోజూ, జీవితాంతం తిన్నా పర్వాలేదని అంతర్జాతీయ ఆహార నిపుణుల సంఘం పెట్టిన హద్దు, కిలో బరువుకు 2.5 మిల్లీగ్రాములు. పది కిలోల పసివాడికి అది 25. ఒక చెంచా లవంగ నూనెలో నువ్వు సుమారు 4,000 మిల్లీగ్రాములు ఉంటావు. కొన్ని వందల లవంగాల సారం ఒక్క గుక్కలో! అంత వచ్చి పడితే కాలేయం చేతులెత్తేస్తుంది. పారాసిటమాల్ మోతాదు మించినప్పుడు జరిగేదే దాదాపు జరుగుతుంది. అయిదు పది మిల్లీలీటర్లు తాగిన రెండేళ్ల బాలుడు స్పృహ తప్పి, మూర్ఛ వచ్చి, కాలేయం దెబ్బతిని చావు అంచుదాకా వెళ్లిన ఉదంతం వైద్య పత్రికల్లో ఉంది. ఆ బిడ్డ బతికాడు. పెద్దవాళ్లలోనూ రక్తాన్ని పలుచన చేసే మందులు వాడేవాళ్లకు నువ్వు మోతాదు మించితే మంచిది కాదు, రక్తం గడ్డకట్టే గుణాన్ని నువ్వూ తగ్గిస్తావు. కూరలో లవంగం మామూలుగా ఎవరినీ ఏమీ చేయదు. పసివాడి చిగుళ్లకు నూనె రాయడం మాత్రం వద్దే వద్దు.

అందుకని చదివే మీకు ఒక మాట. ఇంట్లో లవంగ నూనె ఉంటే ముదురు రంగు గాజు సీసాలోనే ఉంచండి, కొన్ని రకాల ప్లాస్టిక్కును అది తినేస్తుంది. మూత బిగించి, పిల్లల చేయి అందని అర మీద పెట్టండి. బిడ్డ తాగాడని అనుమానం వస్తే వాంతి చేయించకండి, సీసాతో సహా ఆస్పత్రికి పరుగెత్తండి. పన్ను సలిపే రాత్రి దూది మీద ఒక్క బొట్టు చాలు, చిగురుకు తగలకుండా నొప్పి ఉన్నచోటే పెట్టండి. అది నొప్పిని ఆపుతుంది, పుచ్చును ఆపదు. తెల్లారాక పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి.