బ్లోరూమ్ దాటని డేటా

రాజపాళయం మిల్లుల్లో బేలు విప్పిన పత్తి నేరుగా కదురు దగ్గరికి పోదు. ముందు బ్లోరూమ్‌లో గింజ ముక్కలు, ఆకు నలుసులు రాలాలి. గోనె పీచు, రంగు దారం, వెంట్రుక లాంటివాటిని మనుషులు వేళ్లతో ఏరాల్సి వస్తుంది. ఒక్క ఎర్ర పోగు తప్పించుకుపోయినా తెల్లబట్టలో తేలుతుంది. అప్పుడు కదురును తిట్టి లాభం లేదు. సర్వే డేటా సంగతీ అంతే.

అటు శ్రీవిల్లిపుత్తూరు, ఇటు రాజపాళయం, నడుమ కనుమల దిగువన మంసాపురం. ఇక్కడినుంచి పరిశోధనకు వెళ్లిన అమ్మాయి ఒకతె మిల్లు కార్మికుల ఉద్యోగ తృప్తి మీద మూడు వందల ఫారాలు నింపించిందనుకుందాం. తృప్తిని తక్కెడలో వేయలేం. చేతిలో ఉన్నవి ఇరవై ప్రశ్నలకు ఒకటి నుంచి ఐదు దాకా పెట్టిన అంకెలే. స్ట్రక్చరల్ ఈక్వేషన్ మోడలింగ్ ఆ కనిపించని తృప్తిని కోడిగుడ్డు ఆకారంలో, కనిపించే ప్రశ్నలను గళ్లలో గీసి బాణాలతో కలుపుతుంది. ఈ బొమ్మే నిజమైతే ప్రశ్నల మధ్య సంబంధాలు ఎలా ఉండాలో లెక్కగట్టి, డేటాలో ఉన్న సంబంధాలతో పోలుస్తుంది. దీనికి మూలం సీవాల్ రైట్ 1920ల నాటి పాత్ అనాలిసిస్. ఆయన గినియా పందుల బొచ్చు మీది మచ్చలు ఎంతవరకు వారసత్వమో తేల్చబోయి ఈ బాణాలు గీశాడు. 1970లలో కార్ల్ యోరెస్కాగ్ లిస్రెల్ ప్రోగ్రాంతో దాన్ని కంప్యూటర్‌కు ఎక్కించాడు. ఇప్పుడు ఏమోస్ అనే సాఫ్ట్‌వేర్‌లో మౌస్‌తోనే గీయొచ్చు. ఆర్ (R) భాషలోని లవాన్ ప్యాకేజీ అయితే పైసా ఖర్చు లేదు.

చిక్కంతా ఇక్కడే. బొమ్మ గీయడం సరదాగా ఉంటుంది, ఫారాలు చెరగడం విసుగ్గా ఉంటుంది. అందుకే చాలామంది చేట పట్టకుండానే పొయ్యి వెలిగిస్తారు.

ఐదుకు బదులు 55 కొట్టిన పొరపాటు గరిష్ఠ విలువ చూడగానే దొరికిపోతుంది. ఖాళీలు ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్కపెట్టడమే కాదు, ఎందుకున్నాయో కూడా ఆలోచించాలి. జీతం ప్రశ్న దగ్గరే అందరూ ఆగిపోతే అది మరుపు కాదు, భయం. మొదటినుంచి చివరిదాకా నాలుగే గీసినవాడు, అర్థం తిరగేసిన ప్రశ్నకు కూడా నాలుగే వేశాడంటే చదవనే లేదన్నమాట. రాజపాళయంలో ఇంకో ముడి ఉంది. ఇక్కడి రాజు కులస్థుల ఇళ్లలో మాట తెలుగు, చదువు తమిళం. ఫారం తమిళంలో చదివి తెలుగులో తలపోసే మనిషికి “ఈ పని నాకు విసుగు కలిగించదు” అన్న వాక్యం ఎదురైతే, కాదనాలన్నా ఔననాలన్నా క్షణం తడబడతాడు. ఇంట్లోనూ తమిళమే మాట్లాడేవాళ్లకూ వీళ్లకూ ఒకే ప్రశ్న ఒకే బరువు తూగుతోందా అన్నది విడిగా పరీక్షించాల్సిందే.

విడివిడిగా చూస్తే కనబడని తప్పులు కొన్ని ఉంటాయి. వయసు 19, మామూలే. అనుభవం 15 ఏళ్లు, అదీ మామూలే. రెండూ ఒకే మనిషివైతే? కలిపి చూస్తే గానీ తేడా పట్టుబడదు. ఆ కలిపి చూసే కొలతే మహలనోబిస్ దూరం. పి.సి. మహలనోబిస్ దాన్ని ప్రకటించిన 1936లోనే పి.ఎ.సి. రామస్వామి రాజా రాజపాళయం మిల్స్ మొదలుపెట్టాడు. కాకతాళీయమే కానీ నాకు ఇష్టమైన కాకతాళీయం. ఇరవై ప్రశ్నల సర్వేలో ఈ దూరం వర్గం 45.3 దాటిన ఫారాన్ని అనుమానించాలన్నది వాడుకలో ఉన్న లెక్క. అనుమానించాలి అన్నాను, పారేయాలి అనలేదు. ఆ 19 ఏళ్ల మనిషి కాగితం తీసి చూస్తే అక్కడున్నది 49 కావచ్చు.

డేటాను సాక్షిలా అడ్డప్రశ్నలు వేసి నిలదీయాలన్న పట్టుదల మహలనోబిస్ శిష్యుడు సి.ఆర్. రావుది కూడా. తెలుగు ఇంట 1920లో హడగలిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో కలకత్తా చేరిన మనిషి. 2023లో నూట రెండేళ్ల వయసులో కన్నుమూశాడు. ఏమోస్‌లో “మాడిఫికేషన్ ఇండిసెస్” అన్న పట్టిక కనబడుతుంది. దాని పునాది ఆయన 1948లో ఇచ్చిన స్కోర్ టెస్టు. మన కుర్రాళ్లు రోజూ నొక్కే మీట అడుగున మన తెలుగువాడి పేరు ఉందని ఎందరికి తెలుసు?

లేని బాణం ఒకటి కలిపితే మోడల్ ఎంత మెరుగుపడుతుందో ఆ పట్టిక చెబుతుంది. 3.84 దాటితే కలపాలన్న ఆశ పుడుతుంది. రాత్రి షిఫ్టు గురించే రెండు ప్రశ్నలుంటే వాటి దోషాలను కలపడంలో అర్థం ఉంది. క్యాంటీన్ కాఫీకీ సూపర్‌వైజర్ మందలింపుకీ మధ్య గీతగీస్తే ఫిట్ అంకెలు నిగనిగలాడతాయి. ఎందుకు గీశావమ్మా అని వైవాలో అడిగితే మాత్రం ఆ అమ్మాయి నోట మాట రాదు.